చెరువుల్లో ఎన్ని ఉన్నా నదిలో లేకపోతే లేనట్టే: మెకాంగ్ జెయింట్ క్యాట్‌ఫిష్ సంగతి

కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు చేపల చెరువుల గురించి కాస్త తెలిసినవాళ్లకి ఫంగస్ చేప అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. పొలుసు ఉండదు, ముళ్లు తక్కువ, తొందరగా పెరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది, అందుకే రైతులు దాని వైపు మళ్లారు. సిటీ రెస్టారెంట్లలో బోన్‌లెస్ ఫిష్ అని ఆర్డర్ చేస్తే బాసా పేరుతో ప్లేట్లోకి వచ్చేది కూడా చాలాసార్లు ఇదే. దీని సైంటిఫిక్ పేరు పంగాసియానోడాన్ హైపోఫ్తాల్మస్, సొంతూరు మెకాంగ్ నది, ఆ పక్కనే థాయ్‌లాండ్‌లో పారే చావో ఫ్రాయా. 1990ల్లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చింది. ఇక్కడిదాకా ఆక్వా ఫీల్డ్‌లో ఉన్న అందరికీ తెలిసిన కథే. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఇక్కడ మనం టన్నులకి టన్నులు పట్టి ఐస్ వేసి లారీలెక్కిస్తున్న ఈ చేప తన సొంత నదిలో మాత్రం ఎండేంజర్డ్, అంటే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి, ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే రెడ్ లిస్ట్‌లో 2011 నుంచీ అలాగే ఉంది.

ఇది విన్నప్పుడు ఎవరికైనా వచ్చే మొదటి డౌట్ ఒకటే, ఇన్ని కోట్ల చేపలు చెరువుల్లో ఉంటే అంతరించిపోవడం ఏంటి అని. ఆ డౌట్‌లోనే అసలు విషయం అంతా ఉంది. దానికి సమాధానం దొరకాలంటే ఈ ఫంగస్ చేపకి అన్న వరస అయ్యే ఇంకో చేప గురించి మాట్లాడుకోవాలి. పంగాసియానోడాన్ అనే ఆ ప్రజాతిలో (జీనస్) ఉన్నదే రెండు జాతులు, ఒకటి మన చెరువుల్లోది, రెండోది మెకాంగ్ జెయింట్ క్యాట్‌ఫిష్, సైన్స్ వాళ్లు గైగాస్ అంటారు, థాయ్‌లాండ్‌లో ప్లా బుక్ అంటారు. మన దగ్గర క్యాట్‌ఫిష్ అనగానే పేపర్లో వచ్చే నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధమే లేదు, దాన్ని పక్కన పెట్టేయండి.

ఈ గైగాస్ సైజు వింటే నమ్మబుద్ధి కాదు. దాదాపు 3 మీటర్ల పొడవు, 300 కిలోల దాకా బరువు. 2005 మే నెలలో ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ ఖోంగ్ దగ్గర జాలర్ల వలలో పడ్డ చేప 2.7 మీటర్లు, 293 కిలోలు. 2022లో కంబోడియాలో 300 కిలోల టేకు చేప, అదే మంచినీళ్ల స్టింగ్‌రే, దొరికేదాకా ప్రపంచంలో రికార్డయిన అతిపెద్ద మంచినీటి చేప ఇదే. ఆ 293 కిలోల చేపని మళ్లీ నదిలో వదిలేద్దామని అనుకున్నారట కానీ అది అప్పటికే చచ్చిపోయింది, ముక్కలు చేసి అమ్మేశారు. ఫొటోలో దాని వెనక వరసగా నిలబడ్డ మనుషులు దాని ముందు చిన్నగా కనిపిస్తారు.

ఇంత పెద్ద ఒళ్లేసుకుని ఇది తినేది ఏంటంటే నాచు. చిన్నప్పుడు దానికి పళ్లుంటాయి, మీసాలుంటాయి, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని తింటుంది, పెద్దయ్యేసరికి పళ్లు పోతాయి, మీసాలు దాదాపు కనిపించనంత కురచైపోతాయి, ఇక నది అడుగున రాళ్ల మీద పట్టిన నాచు, నీటి మొక్కలు తిని బతుకుతుంది. కళ్లు తల పక్కన బాగా కిందికి, నోటి కంటే కింద ఉన్నట్టుంటాయి. ఒంటి మీద పొలుసు ఉండదు, పైన బూడిద రంగు, పొట్ట తెల్లగా. ఎవర్నీ వేటాడని, ఎవరికీ అడ్డురాని ఈ జీవి ఆరేళ్లలో 150 కిలోలు దాటేంత వేగంగా పెరుగుతుంది, మంచినీటి చేపల్లో ఇంత స్పీడ్‌గా పెరిగేవి చాలా తక్కువ. అంటే ప్రకృతి పరంగా దీనికి లోటు ఏమీ లేదు. నది ఉంటే చాలు. ఆ నదే దానికి లేకుండా పోతోంది.

చియాంగ్ ఖోంగ్ లెక్కలు చూస్తే సంగతి అర్థమైపోతుంది. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఈ చేప గుడ్లు పెట్టడానికి ఎగువకి వెళ్తుంది, ఆ టైమ్‌లో జాలర్లు ముందు పూజ చేసి, వంతులు వేసుకుని ఒక్కో పడవ నుంచి పొడుగాటి వల వదిలి ప్రవాహంతో పాటు కిందికి వెళ్లేవాళ్లు. 1990లో ఒక్క సీజన్‌లో 69 చేపలు పట్టారు. తర్వాత తగ్గుకుంటూ వచ్చి 1997కి 7 అయ్యాయి. 2001, 2002, 2003, వరసగా మూడు సీజన్లు ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకలేదు. 2006 ప్రాంతంలో అక్కడి జాలర్లు ఇక ఈ చేప పట్టడం మానేస్తామని ఒప్పుకున్నారు. తరతరాలుగా వస్తున్న వేటని ఆ ఊళ్లవాళ్లు వదులుకున్నారు, అది చిన్న విషయం కాదు, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఐయూసీఎన్ 1996లో దీన్ని ఎండేంజర్డ్ అంది, 2003లో క్రిటికల్లీ ఎండేంజర్డ్‌కి మార్చింది. దాని తర్వాత ఇక రెండే మెట్లు, ఒకటి అడవిలో లేదా నదిలో లేకుండా బందీగా మాత్రమే మిగలడం, రెండోది పూర్తిగా అంతరించడం. క్రిటికల్లీ ఎండేంజర్డ్ అనే ముద్ర ఊరికే వేయరు, దానికి కొలతలుంటాయి, అందులో ఒకటి పదేళ్లలోనో మూడు తరాల కాలంలోనో జాతి సంఖ్య 80 శాతం అంతకంటే ఎక్కువ పడిపోవడం. గైగాస్ ఆ గీత దాటేసింది.

సరే, ముద్ర పడింది, తర్వాత? ఇక్కడే చాలామంది పొరబడతారు. రెడ్ లిస్ట్ అనేది చట్టం కాదు. డాక్టర్ రిపోర్ట్ రాసిచ్చాడనుకోండి, మందు కొనాల్సింది, వేసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే కదా, ఇదీ అంతే. చట్టం లాంటివి వేరే ఉన్నాయి. సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ఈ చేప 1975 నుంచే మొదటి అనుబంధంలో ఉంది, అంటే నదిలో పట్టిన చేపతో దేశాల మధ్య వ్యాపారం చేయకూడదు. మంచిదే. కానీ ఈ చేప చచ్చిపోతున్నది ఎగుమతుల వల్ల కాదు. వలస జీవుల ఒప్పందం, సీఎంఎస్ అంటారు, అందులో కూడా మొదటి జాబితాలోనే ఉంది, ఇది నిజంగా దానికి పనికొచ్చే ఒప్పందం, ఎందుకంటే దేశాలు దాటి తిరిగే జీవులకోసమే అది పెట్టారు. చిక్కేంటంటే మెకాంగ్ పారే ఆరు దేశాల్లో, చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం, ఏ ఒక్కటీ అందులో సభ్యురాలు కాదు. చేప పేరు లిస్టులో ఉంది, చేప ఉన్న దేశాలు లిస్టులో లేవు. దేశీయ చట్టాల విషయానికొస్తే థాయ్‌లాండ్, లావోస్, కంబోడియాల్లో దీన్ని పట్టడం నిషేధమే. అయితే నిషేధం జాలరి చేతిని ఆపుతుంది, కాంక్రీట్ గోడని ఆపదు.

ఇప్పుడు మొదటి డౌట్ దగ్గరికి వద్దాం, చెరువుల్లో పెంచుకుంటే సరిపోదా అని. థాయ్‌లాండ్ ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ 1983లోనే ఈ చేపకి కృత్రిమంగా గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసింది. నదిలో పట్టిన తల్లిచేపల నుంచి గుడ్లు పిండి, పొదిగించి, పిల్లల్ని రిజర్వాయర్లలో, నదుల్లో వదిలారు. ఆ తర్వాత చెరువులో పెరిగిన చేపల నుంచి కూడా పిల్లల్ని తీయగలిగారు. ఇవాళ థాయ్‌లాండ్‌లో డబ్బు కట్టి గాలం వేసుకునే ఫిషింగ్ పార్కుల్లో ఇది మామూలుగా కనిపిస్తుంది, మన ఫంగస్ చేపతో కలిపి పుట్టించిన హైబ్రిడ్లు కూడా ఉన్నాయి. టూరిస్టులు పట్టి, ఫొటో దిగి వదిలేస్తారు. ఆ ఫొటోలు చూసినవాడికి ఈ చేప అంతరించిపోతోందంటే నవ్వొస్తుంది, నమ్మడు. నా ఉద్దేశంలో ఆ ఫొటోలు ఈ చేపకి చేసిన నష్టం తక్కువేం కాదు, ఎందుకంటే అవి చూసి ప్రభుత్వాలకి, మామూలు జనానికి ఒక రకమైన ధీమా వచ్చేస్తుంది.

చెరువు చేప నది చేపకి ఎందుకు బదులు కాదో వివరంగా చెప్పాలి. మొదటిది, చెరువుల్లో ఉన్నవన్నీ కొద్దిపాటి తల్లిచేపల సంతానం, అక్కాచెల్లెళ్లు అన్నదమ్ముల మధ్యే మళ్లీ పిల్లల్ని తీస్తూ పోతే తరాలు గడిచేకొద్దీ రక్తంలో ఉన్న వైవిధ్యం తగ్గిపోతుంది, రోగం వచ్చినా నీటి వేడి మారినా తట్టుకునే గుణం పోతుంది. రెండోది, హైబ్రిడ్ నదిలోకి జారిపోతే అసలు జాతి కలుషితమైపోతుంది. ఈ రెండూ సైన్స్ పుస్తకాల్లో ఉండేవే. మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఈ చేప జీవితం అంటే ప్రయాణం. వర్షాకాలంలో ముంపు మైదానాల్లో మేత మేసి, నీళ్లు తగ్గేటప్పుడు నదిలోకి దిగి, వందల కిలోమీటర్లు ఎగువకి ఎక్కి, లోతైన మడుగుల్లో ఆగి, రాళ్ల మధ్య హోరెత్తే ప్రవాహంలో గుడ్లు పెట్టి, ఆ గుడ్లు పిల్లలు కొట్టుకుంటూ మళ్లీ కిందికి ముంపు మైదానాలకి చేరడం, ఇదంతా కలిపితేనే ఆ చేప. ఈ దారి తెలిసిన చేపలు నదిలో లేకుండా పోయాక చెరువులో పుట్టిన పిల్లని తెచ్చి నదిలో వేస్తే దానికి ఎటు వెళ్లాలో ఎవరు చూపిస్తారు? రిజర్వాయర్‌లో వదిలిన చేప తిని పెరుగుతుంది, బరువు వేస్తుంది, అంతవరకే.

ఒక మంచి మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. హేచరీలు పూర్తిగా పనికిరానివని నేను అనట్లేదు. తమ్ముడు చేప, అంటే మన ఫంగస్ చేప విషయంలో హేచరీ చేసిన మేలు కనిపిస్తోంది. వియత్నాంలో ఆన్ జియాంగ్, డోంగ్ థాప్ వైపు రైతులు ఒకప్పుడు చెరువుల్లో వేసుకోడానికి పిల్లల్ని నదిలోనే పట్టేవాళ్లు, సన్నటి సంచి వలలు కట్టి కంబోడియా వైపు నుంచి కొట్టుకొచ్చే పిల్లల్ని తోడేసేవాళ్లు, ఆ వలలో పడ్డ వేరే జాతుల పిల్లల్ని పారేసేవాళ్లు. 1990ల్లో హేచరీ టెక్నిక్ కుదిరాక, 2000లో వియత్నాం ఆ వేటని నిషేధించింది, నిషేధం నిలబడింది కూడా, ఎందుకంటే రైతుకి అప్పటికే పిల్లలు హేచరీలో చవగ్గా దొరుకుతున్నాయి. ఇవాళ వియత్నాం ఏడాదికి 10 లక్షల టన్నులకి పైగా పండించి వందకి పైగా దేశాలకి అమ్ముతోంది, సుమారు 200 కోట్ల డాలర్ల వ్యాపారం. ఇంత జరిగినా నదిలో ఉన్న అసలు చేప ఎండేంజర్డ్ గానే ఉంది. అంటే హేచరీ ఒక దెబ్బని ఆపగలిగింది, మిగతా దెబ్బల్ని ఆపడం దాని వల్ల కాలేదు.

ఆ మిగతా దెబ్బల్లో పెద్దది డ్యామ్‌లు. మెకాంగ్ టిబెట్ పీఠభూమిలో పుట్టి 4,000 కిలోమీటర్లకి పైగా పారి వియత్నాంలో సముద్రంలో కలుస్తుంది. చైనాలో దాన్ని లాన్‌కాంగ్ అంటారు, అక్కడ 1990ల్లో మాన్‌వాన్‌తో మొదలుపెట్టి ప్రధాన నది మీదే ఒకదాని తర్వాత ఒకటి కట్టుకుంటూ వచ్చారు. కింద లావోస్‌లో జయాబురి 2019 అక్టోబర్‌లో కరెంట్ అమ్మడం మొదలుపెట్టింది, 1,285 మెగావాట్లు, అందులో ఎక్కువ భాగం కొనేది థాయ్‌లాండ్. దాని వెంటనే 2020లో డాన్ సహోంగ్. కంబోడియాలో ఉపనది మీద లోయర్ సెసాన్ 2 అంతకుముందే 2018లో వచ్చింది. ఇప్పుడు లువాంగ్ ప్రబాంగ్ దగ్గర ఇంకోటి కడుతున్నారు.

డాన్ సహోంగ్ సంగతి కాస్త విడిగా చూడాలి, ఎందుకంటే సైజులో అది చిన్న డ్యామ్, మొదలైనప్పుడు 260 మెగావాట్లే. కానీ అది ఉన్న చోటు చూడండి. లావోస్, కంబోడియా బోర్డర్ దగ్గర మెకాంగ్ ఒక్కసారిగా పాయలు పాయలుగా చీలి ఖోన్ జలపాతాల మీంచి దూకుతుంది, ఆ పాయల్లో చాలావాటికి నిటారుగా రాళ్లుంటాయి, చేప ఎక్కలేదు. హూ సహోంగ్ అనే పాయ ఒక్కటి మాత్రం ఏటవాలుగా ఉండి, ఎండాకాలంలో కూడా నీళ్లుండి, పెద్ద చేపలు కింద నుంచి పైకి పోవడానికి ముఖ్యమైన దారిగా ఉండేది. డ్యామ్ కట్టింది సరిగ్గా ఆ పాయ మీద. పక్క పాయల్ని లోతు చేశాం, రాళ్లు తీసేశాం, చేపలు అటు నుంచి వెళ్తాయి అని కంపెనీ చెప్తుంది. చిన్న చేపలు కొన్ని వెళ్తాయేమో. 200 కిలోల చేప వెళ్తుందని నమ్మమంటే నేను నమ్మలేను. జయాబురి దగ్గర కూడా చేపల కోసం మెట్ల దారి, లాక్ (నీళ్లు నింపి చేపల్ని పైకి చేర్చే గది) కట్టారు, ఖర్చు కూడా బాగానే పెట్టారు, ఐతే అలాంటి దారుల్ని ప్రపంచంలో ఎక్కువగా డిజైన్ చేసింది సాల్మన్ లాంటి దూకే చేపల కోసం. రాళ్ల మీద నాచు గీక్కుని తినే భారీ జెల్లకి ఆ డిజైన్ ఎంతవరకు సరిపోతుందో చూపించాల్సిన బాధ్యత కట్టినవాళ్లది.

మనకి ఇది అర్థం కాని విషయమేం కాదు. సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం, 1852లో ఆనకట్ట వచ్చాక దాని దారి అక్కడితో తెగింది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాద్ దాకా వెళ్లే ఇలస పైకి రావడం మానేసింది. పులసకి సముద్రం ఉంది కాబట్టి జాతి మిగిలింది. గైగాస్‌కి సముద్రం లేదు, ఉన్నదల్లా ఈ ఒక్క నదే.

కొన్నాళ్లుగా దీని గురించి వచ్చిన మంచి వార్త ఒకటుంది, అది కంబోడియా నుంచి. అక్కడ టోన్లే సాప్ అనే సరస్సుంది, ఎండాకాలంలో 2,500 చదరపు కిలోమీటర్లు ఉండేది వానాకాలంలో 15,000 దాకా ఉబ్బుతుంది, ఎలాగంటే మెకాంగ్ పొంగినప్పుడు ఆ సరస్సు నుంచి వచ్చే నది వెనక్కి తిరిగి సరస్సులోకి పారుతుంది. వరద తీశాక మళ్లీ మామూలు దిశలో పారుతుంది, దాంతో పాటే కోట్ల కొద్దీ చేపలు మెకాంగ్‌లోకి దిగుతాయి. ఆ టైమ్‌లో రాజధాని నామ్ పెన్‌కి ఎగువన నదికి అడ్డంగా డై వలలు కడతారు, లంగరేసిన తెప్పల మధ్య వరసగా పెద్ద పెద్ద సంచి వలలు, ప్రవాహమే చేపల్ని అందులోకి తోస్తుంది. వాళ్లకి కావాల్సింది ప్రహోక్ అనే పులియబెట్టిన చేపల ముద్దకి పనికొచ్చే చిన్న చేపలు. కానీ అప్పుడప్పుడు ఆ సంచిలో మనిషంత చేప దొరుకుతుంది.

నెవాడా యూనివర్సిటీకి చెందిన జెబ్ హోగన్ అనే బయాలజిస్టు, కంబోడియా ఫిషరీస్ అధికారులు కలిసి 2000 ప్రాంతం నుంచి అక్కడ ఒక పని చేస్తున్నారు. పెద్ద చేప పడితే జాలరి ఫోన్ చేస్తాడు, చేపని నీళ్లలోంచి బయటికి తీయకుండా వలలోనే ఉంచుతాడు, వీళ్లు పడవలో వచ్చి కొలతలు తీసి, వీపు రెక్క మొదట్లో నంబరున్న ట్యాగ్ కట్టి, అది తేరుకునేదాకా నీళ్లలో పట్టుకుని మెల్లగా వదిలేస్తారు. 2024 డిసెంబర్‌లో ఐదు రోజుల్లో ఆరు గైగాస్ చేపలు అలా దొరికాయి, ఆరింటినీ ట్యాగ్ వేసి వదిలారు. వాటిల్లో పెద్దవి రెండు, ఒకటి 120 కిలోలు, ఇంకోటి 131 కిలోలు, రెండూ 2 మీటర్లకి పైనే. ఏడాదికి ఒకటో రెండో కనిపించే చేప ఒకే వారంలో ఆరు కనిపించడం అంటే సంతోషించాల్సిందే, నేనూ సంతోషించాను, జాతి ఇంకా ఉంది, ఇంకా వలస వెళ్తోంది అని దానర్థం.

కానీ అవే అంకెల్ని ఇంకోసారి చదవండి. ఒకప్పుడు అదే చోట వలలో పడ్డ ఈ చేపల్లో ఇంతకంటే చాలా పెద్దవి ఉండేవి. ఇప్పుడు అన్నిటికంటే పెద్దది 131. పెద్ద చేపలు ముందు పోతాయి, ఎందుకంటే వలకి తేలిగ్గా చిక్కేది అవే, డబ్బులొచ్చేది కూడా వాటికే. మనం మనుషుల లెక్కలో ఆలోచించి, ముసలివి పోతే పడుచువి ఉన్నాయి కదా అనుకుంటాం, చేపల్లో అలా ఉండదు, ఎంత పెద్ద ఆడచేప అయితే అన్ని ఎక్కువ గుడ్లు, ఒక్క 200 కిలోల తల్లిచేప పోతే దాని లోటు తీర్చడానికి చిన్నవి ఎన్ని కావాలో ఊహించుకోండి. అందుకే తలకాయలు లెక్కపెట్టి స్టేటస్ తేల్చడం సరిపోదు, సైజులు కూడా చూడాలి, ఆ లెక్క చూస్తే ఆరు చేపల వార్తలో సగం సంతోషమే మిగులుతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. లావోస్ పేద దేశం, సముద్రం లేదు, పెద్ద పరిశ్రమలు లేవు, కొండలున్నాయి, నీళ్లున్నాయి, కరెంట్ అమ్ముకుని పైకి రావాలనుకుంటుంది, ఒక్క చేప కోసం ఆగిపొమ్మనడానికి మనమెవరం? మనం మన నదుల మీద కట్టుకున్నన్ని డ్యామ్‌లు కట్టుకుని వాళ్లకి నీతులు చెప్పడం ఏంటి? న్యాయమైన ప్రశ్నే. కాకపోతే లెక్క ఒక్క చేపది అయితేనే అది న్యాయం. దిగువ మెకాంగ్ ప్రపంచంలోనే అతిపెద్ద నదీ చేపల వేట, కంబోడియా జనం తినే జంతు ప్రోటీన్‌లో సగానికి పైగా చేపల నుంచే. లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం, ఈ నాలుగు దేశాల సొంత సంస్థ, మెకాంగ్ రివర్ కమిషన్, 2018లో పూర్తి చేసిన స్టడీలోనే ప్లాన్‌లో ఉన్న డ్యామ్‌లన్నీ కడితే 2040 నాటికి నదిలోని చేపల మొత్తం 40 నుంచి 80 శాతం దాకా పడిపోవచ్చని లెక్కగట్టారు. ఇది బయటి పర్యావరణవాదుల రిపోర్ట్ కాదు, వాళ్లదే. మెకాంగ్‌లో సుమారు 1,148 చేప జాతులున్నాయి, 2024లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సహా పలు సంస్థలు కలిసి ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం వాటిల్లో 74 జాతులు ప్రమాదంలో ఉన్నాయి, అందులో 18 క్రిటికల్లీ ఎండేంజర్డ్. గైగాస్ వెళ్లే దారి మూసుకుపోతే ఆ దారినే వెళ్లే పిడికెడంత చేపలకి కూడా మూసుకుపోతుంది, వాటిని తిని బతికే ఊళ్లకి డ్యామ్ కరెంట్ అమ్మిన డబ్బు వాటా రాదు. నష్టం కంబోడియా జాలరికి, లాభం ఇంకో దేశంలోని కంపెనీకి, ఇదీ అక్కడ జరుగుతున్న లెక్క.

అదే కమిషన్ కోసం 2010లో చేసిన అంచనాలో ప్రధాన నది మీద డ్యామ్‌ల నిర్ణయాన్ని పదేళ్లు వాయిదా వేయండి అని చెప్పారు. ఎవరూ వినలేదు, రెండేళ్లకే జయాబురి పనులు నడుస్తున్నాయి. 1995 ఒప్పందం ప్రకారం ఏ దేశమైనా ప్రధాన నది మీద కట్టేముందు మిగతావాళ్లని సంప్రదించాలి, అంతే, వద్దు అనే అధికారం ఎవరికీ లేదు. చైనా, మయన్మార్ అసలు సభ్యులే కాదు. ఇంత బలహీనమైన ఏర్పాటు మీద ఇంత పెద్ద నది ఆధారపడి ఉండటం నాకు భయం కలిగిస్తుంది.

ఆపడం కుదరదా అంటే కుదిరిన సందర్భం ఉంది. సరుకు ఓడలు తిరగడానికి వీలుగా చియాంగ్ ఖోంగ్ వైపు నదిలోని రాతి గుట్టల్ని పేల్చేయాలని 2000లో ఒప్పందం కుదిరింది. ఆ రాళ్ల మధ్యే ఈ చేప గుడ్లు పెడుతుందని స్థానికుల నమ్మకం, సైంటిస్టులు కూడా అటే చూపిస్తారు. నివాత్ రోయ్‌కేవ్ అనే రిటైర్డ్ టీచర్, అక్కడివాళ్లు క్రూ టీ అని పిలుస్తారు, ఊళ్లని కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడారు, చివరికి 2020 ఫిబ్రవరిలో థాయ్ ప్రభుత్వం ఆ ప్రాజెక్టుని రద్దు చేసింది. 2022లో ఆయనకి, పర్యావరణం కోసం పోరాడేవాళ్లకి ఇచ్చే గోల్డ్‌మన్ ప్రైజ్ వచ్చింది. అదే 2020లో కంబోడియా ప్రధాన నది మీద పదేళ్లపాటు డ్యామ్‌లు కట్టమని ప్రకటించింది, దాంతో సాంబోర్, స్టంగ్ ట్రెంగ్ ప్రాజెక్టులు ఆగాయి. సాంబోర్ డ్యామ్ వస్తే టోన్లే సాప్‌కీ ఎగువ మడుగులకీ మధ్య గోడ కట్టినట్టే, కంబోడియా ప్రభుత్వమే చేయించిన స్టడీలో కూడా పెద్ద డ్యామ్‌కి ఇంతకంటే చెడ్డ చోటు ఉండదని తేలింది.

పక్క నదిలో ఏం జరిగిందో కూడా కళ్లముందే ఉంది. యాంగ్జీలో చైనీస్ ప్యాడిల్‌ఫిష్ అని ఉండేది, ఇదీ భారీ చేపే, ఇదీ వలస చేపే. 1981లో గెజౌబా డ్యామ్ దాని దారిని రెండు ముక్కలు చేసింది. చివరిసారి బతికున్నది కనిపించింది 2003లో. 2022లో ఐయూసీఎన్ అది అంతరించినట్టు ప్రకటించింది. యాంగ్జీలో పదేళ్ల చేపల వేట నిషేధం మొదలైంది 2021లో, ఆ చేపకి అది ఏ రకంగానూ ఉపయోగపడలేదు. గైగాస్ ఇప్పుడు ఆ ప్యాడిల్‌ఫిష్ 1990ల్లో ఉన్న స్థితిలో ఉందని నా అంచనా, అంటే ఇంకా చేయడానికి టైమ్ ఉంది, ఎక్కువ లేదు.

కాబట్టి చేయాల్సిన పనుల్లో నా వరకు ముందు వరసలో ఉండేది హేచరీ కాదు. ఖోన్ జలపాతాల కింద నుంచి టోన్లే సాప్ దాకా, గోడ లేకుండా మిగిలిన ఆ నది ముక్కని అలాగే ఉంచడం మొదటిది, ఎందుకంటే ఇవాళ ఈ చేపలు బతికున్నట్టు రుజువు దొరుకుతున్నది అక్కడే. రెండోది డై వలల జాలర్లకి సరైన పరిహారం, ఫోన్ చేసి చేపని బతికించిన మనిషికి ఆ రోజు వేట పోయిన నష్టం గ్యారంటీగా, ప్రాజెక్టు నిధులు ఉన్నా లేకపోయినా అందాలి. ఈ చేపని ఇప్పటిదాకా కాపాడింది ఆ జాలర్లే, వాళ్ల మంచితనం మీద వదిలేసి ఊరుకోవడం తప్పు. మూడోది హైబ్రిడ్‌లని నది దగ్గరికి రానివ్వకపోవడం. హేచరీల్లో ఉన్న స్టాక్‌ని రక్తసంబంధాల రికార్డుతో సరిగ్గా నిర్వహించుకుంటే చాలు, అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇక కంబోడియా ఇచ్చిన పదేళ్ల మాట 2030తో అయిపోతుంది. అది ప్రకటనే తప్ప చట్టం కాదు, ప్రభుత్వం మారితే, అప్పు అవసరమైతే, కరెంట్ కొరత వస్తే ఆ మాట ఎటైనా పోవచ్చు. దాన్ని చట్టంగా మార్చమని అడగాల్సింది ఇప్పుడే. 2030 దాకా ఆగితే సాంబోర్ దగ్గర సర్వే టీములు దిగాక అడిగినట్టవుతుంది.